మంత్రగత్తె కథ రాస్తామనేవాళ్లకు చాందా నుంచి కొన్ని మాటలు

విరూపాక్ష సినిమా వచ్చిన దగ్గర్నుంచి నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో మంత్రగత్తెలు ఎక్కువయ్యారు. నేను నాలుగు చారిత్రక కథలు రాసినందుకో, చాందాలో ఉంటాను కాబట్టి గోండు రాజుల సంగతులు తెలుస్తాయనో, బల్లార్షా, మంచిర్యాల, ఒక్కోసారి హైదరాబాదు నుంచి కూడా కుర్రవాళ్లు పంపుతుంటారు. (పత్రికల్లో చంద్రపూర్ అని రాస్తారు గానీ, మా వయసువాళ్లకు ఇది చాందానే.) ప్రతులు చదివి మార్జిన్లలో నేను రాసే మాటలు ఎప్పుడూ అవే. ఇక విడివిడిగా రాసే ఓపిక లేదు. అందుకని అన్నీ ఒకచోట పెడుతున్నాను.

1. కథను శ్మశానంలో మొదలుపెట్టకండి.

వచ్చిన ప్రతుల్లో సగం అమావాస్య రాత్రితోనే తెరుచుకుంటాయి. పుర్రె, పసుపు కుంకుమ, గుడ్లగూబ. చేతబడి కథ నిజానికి పట్టపగలు, ఒక ఇంట్లో జరిగిన నష్టంతో మొదలవుతుంది. ఈనిన గేదె పాలివ్వదు. కాయ పగిలే వేళకు పత్తికి పురుగు పడుతుంది. పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఆసుపత్రిలో మాత్రలిస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: 'ఒక్కసారి భగత్‌కు చూపించరాదూ?' ఇక్కడి కొండల్లో భగత్ అంటారు, కొన్నిచోట్ల పూజారి అంటారు, మనవైపు భూతవైద్యుడు.

ఆ భగత్ ముందు జరిగే తంతు చూడకుండా ఈ రకం నవల రాయలేరు. అతను పేరు చెప్పడు. చాటలో బియ్యం పోసి, గింజలు జతలు జతలుగా పక్కకు జరుపుతూ గుర్తులు చెబుతాడు. 'మీ ఇంటికి పొద్దుపొడుపు వైపు. ఆడమనిషి. మొగుడు లేడు. ఈ మధ్య మీ ఇంటికొచ్చి ఏదో అడిగింది, మీరు లేదన్నారు.' అంతే, చాట పక్కన పెట్టేస్తాడు. కూర్చున్న నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పేరు వాళ్ల నోటి నుంచే వస్తుంది. రేపు పోలీసులు అడిగినా 'నేనెవరి పేరూ చెప్పలేదు' అని భగత్ చేతులు దులుపుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

'ఏదో అడిగింది, మీరు లేదన్నారు' అన్న మాట దగ్గర ఆగండి. ఒంటరి ముసలమ్మ ఊళ్లో ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడక్క తప్పదు. మజ్జిగ, చేబదులు, పొయ్యిలోకి నిప్పు. లేదన్నవాడికి ఆ మాట లోపల గుచ్చుకునే ఉంటుంది. ఇంట్లో పిల్లవాడు మంచం పట్టగానే ఆ గుచ్చుకున్నదే భయమవుతుంది. భయం రెండు రోజుల్లో కోపమవుతుంది. తనది తప్పనిపించిన చోటే మనిషి ఎదుటివాళ్ల మీద తప్పు మోపుతాడు. మీ మొదటి అధ్యాయం ఆ చాట చుట్టూ రాయండి. పుర్రె అక్కర్లేదు.

ఇంకొకటి చూడండి. ఆమె పేరున ఒక ఎకరమో రెండెకరాలో ఉన్నాయా? ఆ పొలానికి వారసులెవరు? చాలా కథలకు తాళంచెవి గ్రామ లెక్కల్లో దొరుకుతుంది. మంత్రాల పుస్తకంలో దొరకదు.

2. రాణి చెబితే దైవలీల, ముసలమ్మ చెబితే మంత్రం.

ఈ ఊరు పుట్టిన కథే మీకు ఉదాహరణ. గోండు రాజు ఖాండక్యా బల్లాల్ షా ఒంటినిండా పుండ్లు. ఎన్ని మందులు వేసినా తగ్గలేదు. అప్పుడు రాజధాని బల్లార్‌పూర్. ఒకరోజు వేటకు వెళ్లి దాహమై, ఎండిపోయిన ఝర్‌పట్ వాగులో చిన్న గుంట కనిపిస్తే ఆ నీళ్లు తాగి మొహం కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. తెల్లారి పుండ్లు వాడిపోవడం గమనించింది రాణి. ఎక్కడ నీళ్లు తాగావని అడిగి, రాజును మళ్లీ అక్కడికే తీసుకెళ్లింది. రాతిలో ఆవు గిట్టల గుర్తులు, వాటిలో ఊరే నీరు. అక్కడే అచలేశ్వర్ గుడి వెలిసింది. ఇంకోరోజు నుదుట తెల్ల మచ్చ ఉన్న కుందేలు రాజుగారి వేటకుక్కనే తరుముతూ కనిపించింది. అది శుభశకునమని, కుందేలు తిరిగిన దారి వెంబడి కోటగోడ కట్టమని చెప్పింది కూడా రాణే. జట్‌పురా, పఠాన్‌పురా, బిన్బా, అంచలేశ్వర్ దర్వాజాలతో ఆ గోడ ఇప్పటికీ నిలబడి ఉంది.

ఇందులో రాణి ఏం చేసింది? రోగిని కనిపెట్టి చూసింది, ఏ నీటికి ఏ గుణముందో పట్టుకుంది, జంతువు నడక చూసి ఫలం చెప్పింది. మన ఊళ్లలో మంత్రసాని చేసేదీ, ఆకు పసరు పోసే అవ్వ చేసేదీ ఇదే. ఒకరికి గుడి కట్టారు, ఇంకొకరిని స్తంభానికి కట్టారు. తేడా తెలివిలో లేదు, కుర్చీలో ఉంది. నవలలో ఈ ఇద్దరు ఆడవాళ్లనూ ఒకే ఊళ్లో పెట్టి చూడండి. పిట్టకథలు చెప్పే పని మీకు తప్పుతుంది, కథే నడుస్తుంది.

చాందా చరిత్రలో ఆడవాళ్లకు కొదవ లేదు. గోండు రాజు బీర్‌షా చనిపోయాక రాణి హిరాయి ఆయనకు కట్టించిన సమాధి అచలేశ్వర్ గుడి పక్కనే ఉంది. మహాకాళి గుడి వైభవంలోనూ ఆమె పేరే చెబుతారు. ఇలాంటి రాణి దర్బారుకు ఒక 'మంత్రగత్తె' ఫిర్యాదు వస్తే ఆమె ఏం తీర్పు చెబుతుంది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వదల్లేదు. ఎవరైనా రాస్తే సంతోషిస్తాను.

3. మాంత్రికుడు ఎప్పుడూ పక్క దేశంవాడే.

బాలనాగమ్మను ఎత్తుకుపోయింది మాయల మరాఠీ. 1942లో జెమినీవారి సినిమాలో ఆ వేషం గోవిందరాజుల సుబ్బారావు వేస్తే జనం హడలిపోయారు. 1951లో పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. మన కథల్లో దుష్ట మాంత్రికుడు తెలుగువాడు కావడం తక్కువ. మాయల మరాఠీ కథ వింటూ పెరిగి, మరాఠీ ఊళ్లో కాపురం పెట్టినవాణ్ని నేను. ఇక్కడికొచ్చాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు అనగా విన్నాను: గట్టి మంత్రం కావాలంటే ప్రాణహిత దాటి తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లాలట! భయాన్ని ఎల్లలు దాటించి అవతలి గట్టున పెట్టడం అందరికీ అలవాటే.

జానపద కథకు ఇది చెల్లుతుంది. చారిత్రక నవలకు చెల్లదు. నింద మోసే మనిషి దూరంనుంచి రాదు. గోడ అవతల ఉంటుంది, ఒకే బావి నీళ్లు తాగుతుంది, పెళ్లికి వచ్చి పాట పాడుతుంది. దుర్మార్గాన్ని బయటివాడి నెత్తిన వేస్తే మీ ఊరు శుభ్రంగా బయటపడుతుంది. మీ నవల కూడా అంతే తేలిగ్గా తేలిపోతుంది.

4. పటం, పంచాంగం రెండూ దగ్గర పెట్టుకోండి.

ఒక ప్రతిలో 1930ల నాటి రాజురాలో నాగపూరు నుంచి ఇంగ్లీషు కలెక్టరు గుర్రం మీద వచ్చి మంత్రగత్తెను కాపాడతాడు. రాజురా అప్పుడు నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లా. కచేరీ కాగితాలు ఉర్దూలో, ఊళ్లో మాట తెలుగు, గోండి, మరాఠీ కలగలుపు. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు అది నాందేడ్‌కు వెళ్లి, 1959లో చాందాకు వచ్చింది. వార్ధా నదికి ఈ గట్టున ఇంగ్లీషు చట్టం, ఆ గట్టున నిజాం చట్టం. దొంగలూ, పారిపోయిన జంటలూ, మంత్రగత్తె అనిపించుకున్నవాళ్లూ రాత్రికి రాత్రి నది దాటితే చాలు, తరిమేవాడి అధికారం గట్టు మీదే ఆగిపోవాలి. ఇంత మంచి కథావస్తువును వదిలేసి కలెక్టరు గుర్రమెందుకు?

చాందాలో గోండు రాజ్యం 1751లో నాగపూరు భోంస్లేల చేతికి పోయింది. 1818లో ఇంగ్లీషువాళ్లు కోటను ముట్టడించి పట్టుకున్నారు. 1850లలో నాగపూరు రాజ్యమే ఈస్టిండియా కంపెనీ పాలనలో కలిసింది. సిరోంచా సహా గడ్చిరోలి 1982 దాకా ఈ జిల్లాలోదే. మీ కథ ఏ ఏటిదో తేల్చుకుంటే న్యాయం ఎవరి దగ్గర అడగాలో అదే తేలుతుంది.

తెలుగువాళ్లు ఇక్కడ ఎప్పటినుంచి ఉన్నారంటారా? చాందాలోని లాల్‌పేట్‌కు వెళ్లండి. రాయప్ప అనే కోమటి పెద్ద శివాలయం కట్టాలని చెక్కించి, పూర్తికాకుండానే చనిపోయాడని చెప్పే ఏకశిలా విగ్రహాలు అక్కడ ఆరుబయట పడి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది పది తలల దుర్గ, దాదాపు 26 అడుగుల రాయి. దారిన పోయేవాళ్లు పది తలలు చూసి రావణుడనేస్తారు. దేవత రాక్షసుడైపోవడానికి ఇంతకన్నా మంత్రం అక్కర్లేదు.

5. దొరల పుస్తకాలు చదవండి, నమ్మే ముందు ఆలోచించండి.

మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి చాందా సెటిల్‌మెంటు నివేదిక లేకపోతే గోండు రాజుల కథలు మనకు ఇంతగా అందేవి కావు. రస్సెల్, రాయ్ బహదూర్ హీరాలాల్ కలిసి 1916లో తెచ్చిన సెంట్రల్ ప్రావిన్సెస్ కులాలు, తెగల నాలుగు సంపుటాలు కూడా తప్పక చూడాలి. ఆ కాలపు రాతల్లో ఒక సంగతి ఉంది. మంత్రగత్తె అని తేల్చిన ఆడదాని ముందు పళ్లు రాలగొట్టేవారు. పళ్లు లేకపోతే మంత్రం అక్షరం స్పష్టంగా పలకదని వాళ్ల లెక్క.

ఈ ఒక్క వాక్యం పది భయంకర దృశ్యాల పెట్టు. పళ్లు పోయిన ఆ మనిషి తర్వాత ఎలా మాట్లాడి ఉంటుంది? ఆమె మాట ఎవరికీ సరిగా అర్థం కాదు. 'నేనేం చేయలేదు' అన్నా గొణుగుడులా వినిపిస్తుంది. గొణిగితే మంత్రం చదువుతోందంటారు. మూడు కొండల అవతలి నుంచి వచ్చిన దొర దుబాసీని అడిగి రాసుకున్నది ఊరి పెద్దలు చెప్పిన మాట. ఆమె మాట ఏ నివేదికలోనూ లేదు. ఉంటే ఒప్పుకోలుగా ఉంటుంది, దెబ్బలు తిన్నాక చేసిన ఒప్పుకోలు. కల్పనకు ఇక్కడ హక్కుంది. చరిత్ర ఖాళీగా వదిలిన చోట ఆమె చేత మాట్లాడించండి.

6. మంత్రం పెట్టదలిస్తే వెల కట్టండి.

మంత్రం అసలే వద్దని నేననను. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్రా బొమ్మలు లేకపోతే నేను రచయితనే అయ్యేవాణ్ని కాదు. పాతాళభైరవి కోసం సకల లక్షణాలున్న యువకుణ్ని బలి ఇవ్వాలని తెచ్చిన మాంత్రికుడు తానే బలవుతాడు. అదీ వెల. యండమూరి నవల తులసిదళం మీద రంగనాయకమ్మ గారు, హేతువాదులు విరుచుకుపడ్డారు. అందులో న్యాయముంది. కానీ పనితనం సంగతికొస్తే ఆయన శాస్త్రానికీ, కాష్మోరా అనే క్షుద్రశక్తికీ రెండు తలుపులూ తెరిచే ఉంచాడు, పాఠకుడు ఊపిరి బిగపట్టి చదివాడు. మీరూ ఉంచుకోండి. నేను అడిగేది ఒక్కటే: మీ మంత్రం నిజమైతే, కొట్టినవాళ్లు చేసింది న్యాయమవుతుంది. ఆ లెక్క చూసుకుని రాయండి.

7. పూనకాన్నీ చేతబడినీ ఒకే గాటకు కట్టకండి.

చైత్రమాసంలో మహాకాళి జాత్రకు రండి. మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం దిగుతారు. ఝర్‌పట్‌లో నీళ్లు ఎలా ఉన్నా అందులోనే మునుగుతారు. చాందా ఎండ గురించి చెప్పక్కర్లేదు, రాతిమెట్లు పెనంలా కాలుతుంటాయి. గుడిదారిలో ఒక నడివయసు ఆడమనిషి. తడిచీర ఆరకుండానే మెడ వెనక్కి వాలుతుంది, కొప్పు జారుతుంది, పెద్ద కేక. చుట్టూ ఉన్నవాళ్లు దారి వదులుతారు. నుదుట కుంకుమ అద్ది, 'ఏం కావాలి తల్లీ?' అని అడుగుతారు. ఇంట్లో ఎవరి ముందూ నోరెత్తని మనిషి అక్కడ మొగుణ్ని పేరుపెట్టి పిలుస్తుంది, అత్తను నిలదీస్తుంది. ఆ కాసేపు అత్తగారే చేతులు జోడిస్తుంది. కాసేపటికి నిమ్మకాయ నోట్లో పిండితే కళ్లు తెరుస్తుంది. ఎవరూ ఏమీ అనరు. అందరూ కలిసి టీ తాగుతారు.

పూనకం వచ్చినామెకు దండం పెడతారు, చేతబడి నింద పడినామెను కొడతారు. రెండూ మూఢనమ్మకమే కదా అని పట్నంలో కూర్చుని ఒక్క వాక్యంలో కలిపేయొద్దు. కలిసే చోటు ఒకటుంది, అది ప్రమాదమైన చోటు: పూనకంలో ఉన్నామెను 'ఎవరు చేశారు?' అని అడగడం. ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో, ఎందుకు అడుగుతారో మీ నవలలో చూపించండి.

8. చీపురుకట్ట, కొమ్ము టోపీ దిగుమతి చేసుకోకండి.

అమెరికాలోని సేలంలో 1692లో చేతబడి నిందతో 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ని బండరాళ్ల కింద అదిమి చంపారు. మన కుర్రవాళ్లు రాసినట్టు అక్కడ ఎవరినీ కాల్చలేదు. ఆర్థర్ మిల్లర్ 1953లో ఆ కథను నాటకం చేసింది తన కాలంలో కమ్యూనిస్టుల వేట గురించి చెప్పడానికి. అతను సేలంను వాడుకున్న తీరు నేర్చుకోండి. సేలంను ఎత్తుకొచ్చి మా జిల్లా జివతి కొండల మీద పెట్టకండి.

9. మన చరిత్ర ఇంకా చరిత్ర కాలేదు.

ఈ పాఠం చెప్పడానికే మిగతావన్నీ రాశాను.

2021 ఆగస్టు 21. ఈ జిల్లాలోనే జివతి తాలూకా వణీ ఖుర్ద్. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్లు, ఆడవాళ్లు సహా ఏడుగురు దళితులను ఊరి చౌకులో కట్టేసి అందరి ఎదుట కొట్టారు. అర్ధరాత్రి అడవిలో కాదు, నడి ఊళ్లో. చూస్తూ నిలబడింది ఆ ఊరివాళ్లే. పోలీసులు వచ్చి విడిపించారు, అరెస్టులు జరిగాయి. సరిగ్గా ముందురోజు నరేంద్ర దాభోల్కర్ వర్ధంతి. మూఢనమ్మకాల మీద పోరాడిన ఆ డాక్టరుగారిని 2013 ఆగస్టు 20న పూణేలో ఉదయపు నడకకు వెళ్తుంటే కాల్చి చంపారు. ఆయన ఏళ్ల తరబడి అడిగిన చట్టం ఆయన పోయిన కొద్ది రోజులకే ఆర్డినెన్సుగా వచ్చింది, ఆ డిసెంబరులో శాసనసభ ఆమోదం పొందింది. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా. ఫలానావాళ్లు చేతబడి చేస్తారని ముద్రవేసి బతుకు దుర్భరం చేయడం కూడా అందులో నేరమే.

జివతి కొండ దిగితే తెలంగాణ. పరందోలి, ముకదంగూడ, మహారాజ్‌గూడ లాంటి ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. అక్కడ చాలామందికి రెండేసి రేషన్ కార్డులు, రెండేసి ఓటరు కార్డులు. మహారాష్ట్రకు ఈ ప్రత్యేక చట్టముంది, తెలంగాణకు అలాంటిది లేదు. అక్కడ హత్యో దాడో జరిగాక మామూలు సెక్షన్లే దిక్కు. 2022 జనవరిలో జగిత్యాలలో ఇదే అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. నిజాం కాలంలో నది దాటితే చట్టం మారేదని పైన రాశాను. ఇప్పుడు ఒకే ఊళ్లో, గుమ్మం ఏ లెక్కలో ఉందన్నదాన్నిబట్టి మారుతుంది. హేతువాద సంఘాలు తెలంగాణలో చట్టం అడుగుతూనే ఉన్నాయి. రచయితలూ గొంతు కలిపితే బాగుంటుంది.

అందుకే 'పాతకాలంలో ఇలా ఉండేదట' అన్న ధోరణి ఈ కథలకు కుదరదు. నింద మోసినవాళ్లు మీ పాఠకుల వీధిలో ఉండొచ్చు, నింద వేసినవాళ్లూ ఉండొచ్చు. వణీ ఖుర్ద్‌లాంటి ఊరికి వెళ్లి బాధితుల చేత మళ్లీ కథ చెప్పించుకోవద్దు. పోలీసులకు, పత్రికలవాళ్లకు, నాయకులకు వాళ్లు చెప్పి చెప్పి అలిసిపోయారు. కోర్టు కాగితాలు చదవండి, నూరేళ్లు వెనక్కి వెళ్లండి, ఊరికి వేరే పేరు పెట్టండి.

10. చివరగా ఒక చిన్న పని.

మీ నవల అచ్చుకు వెళ్లినప్పుడు ప్రచురణకర్త అట్ట మీద జుట్టు విరబోసుకున్న ముసలమ్మ బొమ్మ వేద్దామంటాడు. అమ్ముడుపోతుందంటాడు, అది నిజం కూడా. ఒప్పుకోకండి. చాట వేయించండి, కోటగోడ వేయించండి, ఏమీ కుదరకపోతే ఉత్త అక్షరాలతో వేయించండి.